తెల్ల పట్టీలో నల్ల కిటికీ

నా ఫోనులో ఆయన "టైర్లు నాంపల్లి". అసలు పేరేమిటో అడగాలని నాకెప్పుడూ తట్టలేదు. ఆ సందులో అందరూ ఉస్తాద్ అనేవారు కాబట్టి నేనూ ఉస్తాద్ అనే పిలిచాను. మనిషి పోయాక పేరడగడానికి మొహం చెల్లలేదు.

పోయిన నెల ఒక బుధవారం మధ్యాహ్నం ఆ నంబరుకు ఫోన్ చేశాను. మా నాన్నగారి పాత అంబాసిడర్‌ను అమ్మేద్దామని అనుకున్న రోజులవి. అబిడ్స్‌లో మేముండే బిల్డింగు వెనకున్న షెడ్డు తీసేస్తున్నారు, కారును పెట్టుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు. చూడటానికి ఖైరతాబాద్ నుంచి ఒకాయన వచ్చి వెళ్లాడు. నలభై ఏళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. వాళ్లమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇలాంటి కారులో ఒకే ఒక్కసారి ఎక్కిందట. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని యాదగిరిగుట్టకు తీసుకెళ్లాలని ఆయన కోరిక. కారు చుట్టూ తిరిగి, చక్రాల మీది తెల్ల పట్టీలు చూసి మురిసిపోయి, టైర్లు కొత్తవే కదా అని అడిగాడు. నేను "ఆ, కొత్తవే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆదివారం వాళ్లమ్మను తీసుకుని వస్తానని, అన్నీ కుదిరితే ఆ రోజే ఆమెను ఎక్కించుకుని బయల్దేరతానని చెప్పి వెళ్లాడు. ఈలోగా పట్టీలకు ఇంకో పూత పడితే కారు ఇంకా మెరుస్తుంది కదా, ఎలాగో బతిమాలుకోవచ్చులే అని నేను ఉస్తాద్‌కు ఫోన్ చేశాను.

ఎత్తింది ఆయన భార్య. "ఆయన లేడు సార్. మూడు నెల్లాయె" అంది.

అలాంటప్పుడు అందరూ అనే మాటలు నేనూ అన్నాను. ఆమె అన్నీ విని, ఎందుకు ఫోన్ చేశారని అడిగింది. చెప్పాను. అప్పుడు ఆమె ఒక ప్రశ్న అడిగింది.

"ఏ సాల్‌వి సార్ టైర్లు?"

చూసి చెబుతానమ్మా అని పెట్టేశాను. నిజానికి నేను చూడాల్సిన పనేమీ లేదు. టైర్లు ఏ సంవత్సరానివో నాకు బాగా తెలుసు.

ఆయన చోటు నాంపల్లి స్టేషన్ పక్క సందులో, ఒక చాయ్ హోటలు వెనక గోడకూ లేత్ మిషన్ దుకాణానికీ మధ్య. మా కళ్లద్దాల దుకాణం నుంచి నడిస్తే పది నిమిషాలు. బోర్డు లేదు. గోడకు కొట్టిన మేకుకు తెల్ల పట్టీ వేసిన టైరు ఒకటి వేలాడేది, తెలిసినవాళ్లకు అదే బోర్డు. పూర్వం పెద్ద పెద్ద కార్ల టైర్లు ఆ తెల్ల పట్టీతోనే వచ్చేవి. ఇప్పుడు అవి దొరకవు, దొరికినా మనలాంటివాళ్లు కొనలేరు. అందుకని పాత బండి మీద మోజున్నవాళ్లు మామూలు నల్ల టైర్లతో వచ్చి ఆయన ముందు నిలబడేవారు. పాత కార్లు, జీపులు, అప్పుడప్పుడూ ఒక పాత లారీ.

ఆయన పని చేస్తుంటే చూడటం నాకు ఒక వ్యసనమైంది. బండిని జాకీ మీద లేపి, టైరును సబ్బునీళ్లతో కడిగి, పెట్రోలు గుడ్డతో తుడిచి, ఎమరీ పేపరుతో మెరుపంతా పోయేదాకా రుద్దేవాడు. తర్వాత పీట వేసుకుని కూర్చుని, కుడి మోచేతిని ఒక ఇటుక మీద ఆనించి, కుంచె కొనను టైరుకు తాకించి అక్కడే ఉంచేవాడు. ఎడమ చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పేవాడు. కుంచె కదిలేది కాదు. టైరే వచ్చి కుంచె కింద నుంచి సాగిపోయేది. "చెయ్యి ఆగాలె సార్, తిరిగేది అదే తిరుగుతది" అనేవాడు. గీత మొదలైన చోటికి తిరిగొచ్చి కలిసినప్పుడు ఆ అతుకు ఎక్కడుందో వెతికినా దొరికేది కాదు. నేను చాలాసార్లు వెతికాను.

చేతికి గడియారం లేదు. పూతకూ పూతకూ మధ్య ఎంతసేపు ఆగాలంటే ఎండాకాలం ఒక చాయ్, వానాకాలం రెండు చాయ్‌లు. ఒక్కో టైరుకు ఐదు పూతలు. ప్రతి చాయ్‌లోనూ సగం సాసర్‌లో పోసి బండి యజమానికి ఇచ్చి, కప్పు తన దగ్గర ఉంచుకునేవాడు. వద్దంటే వినేవాడు కాదు. వానాకాలంలో నాలుగు టైర్లూ ఒకే రోజు వేయించుకున్న మనిషికి ఇక ఆ వారమంతా చాయ్ పేరెత్తబుద్ధి కాదు.

నా వృత్తిధర్మం కొద్దీ ఆయన కళ్ల మీద నా కన్ను పడింది. దగ్గరి చూపు సరిగ్గా లేదని గుర్తుపట్టి, ఒక జత అద్దాలు చేసిస్తాను రమ్మని పిలిచాను. ఊరికే ఇస్తానన్నా రాలేదు. "నాకు బొటనవేలు సాలు" అన్నాడు. అది గొప్పకు అన్నమాట కాదు. టైరు మీద ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలను బొటనవేలితో తడిమి చదివేవాడు. పగుళ్లను కూడా అలాగే పట్టేవాడు. రబ్బరు మీద వేలు పోనిస్తూ ఒకచోట ఆగాడంటే, మనకు ఏమీ కనిపించకపోయినా అక్కడ పగులు ఉన్నట్టే.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్లింది ఎనిమిదేళ్ల కిందట, మా మేనకోడలి పెళ్లికి. మేనమామను కదా, పెళ్లికూతుర్ని ఫంక్షన్ హాలుకు నాన్నగారి కారులోనే తీసుకెళ్తానని పంతం పట్టాను. కారుకు కొత్త రంగు వేయించాను, సీట్లు కుట్టించాను. ఇక తెల్ల పట్టీలు పడితే ఫోటోలు అదిరిపోతాయనుకున్నాను. ఉస్తాద్ ఆ కొత్త రంగు వైపు తలెత్తి కూడా చూడలేదు. నేరుగా చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వేలు పోనిచ్చాడు, ఆపాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. ఇస్త్రీ ప్యాంటుతో నేను ఆ నల్లటి నేల మీద మోకాలు పెట్టాను. టైరు మీద అండాకారపు గీతలో ఉన్న అంకెలు చూపించి పైకి చదవమన్నాడు. అవి టైరు ఏ సంవత్సరంలో, ఏ వారంలో తయారైందో చెప్పే అంకెలట. ఇన్నేళ్లు కారు తుడిచాను, వాటిని ఎన్నడూ చూడలేదు.

"మూడంకెలే ఉన్నాయి" అన్నాను.

"ఇప్పటియైతే నాలుగుంటయి సార్. మూడున్నయంటే పోయిన శతాబ్దంవి. గీటి మీద పెళ్లిపిల్లను ఎక్కిస్తరా?"

నాకు కోపం వచ్చింది. టైర్లు ఏమాత్రం అరగలేదని, కారు దసరాకూ ఎప్పుడో ఒక ఆదివారానికీ తప్ప బయటికి తీయనని వాదించాను. అందుకే పాడయ్యాయని ఆయన అన్నాడు. తిరిగే టైరు అరుగుతుంది, అరిగింది కంటికి కనిపిస్తుంది. నిలబడి ఉన్న టైరు ఎండిపోయి పక్కన పగులుతుంది, సరిగ్గా ఆ పక్కనే మనం తెల్ల రంగు పూస్తాం. ఆ మాట ఆయన చాలా మామూలుగా చెప్పాడు. రంగు వేయనని, టైర్లు మార్చుకుని వస్తే వేస్తానని అన్నాడు. ఆరేళ్లు దాటిన ఏ టైరుకూ ఆయన కుంచె తాకించేవాడు కాదు. "పిల్లగాండ్లకు ఆరేండ్లు నిండితే బడికి పంపుతం గద సార్, టైరుకు నిండితే ఇంటికి పంపాలె" అన్నాడు.

రెండు రోజులు అలిగి, మూడో రోజు కొత్త టైర్లు కొని తీసుకెళ్లాను. పాతవి విప్పాక, షెడ్డులో పెట్టుకుంటాను డిక్కీలో వేయమన్నాను. నాన్నగారు కొన్న టైర్లు కదా. ఉస్తాద్ వినిపించుకోలేదు. కత్తిని సబ్బునీళ్లలో ముంచి, నాలుగింటినీ రెండేసి చోట్ల పక్క నుంచి కోసి పారేశాడు. నేను అరిచినంత పని చేశాను. "మీరు దాసుకుంటరు సార్. మీ తర్వాత ఇంకెవడో ఏరుకపోయి బండికి ఎక్కిస్తడు" అన్నాడు. నా మొహం చూసి చాయ్ చెప్పాడు. ఆ పూట సాసర్‌లో కాక కప్పుతోనే ఇచ్చాడు. అది ఆయన క్షమాపణ అయి ఉంటుందని నేను తర్వాత అర్థం చేసుకున్నాను.

పట్టీలు అద్భుతంగా వచ్చాయి. ఒకటే లోపం. ప్రతి పట్టీలోనూ బొటనవేలంత మేర రంగు వేయకుండా నల్లగా వదిలేశాడు. ఆ నల్లటి చోటులో నాలుగంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన దాన్ని కిటికీ అనేవాడు. ఆయన పట్టీ వేసిన ఏ బండికైనా అది ఉండాల్సిందే. అంకెలు లోపలి వైపుకు వచ్చి ఉంటే టైరు విప్పించి, తిప్పి బిగించి మరీ కిటికీ పెట్టేవాడు. పాత కార్ల పోటీకి వెళ్లిన ఒకాయనకు ఈ కిటికీ మచ్చలా ఉందని మార్కులు తగ్గించారట. ఆయన మండిపడుతూ వచ్చి ఉస్తాద్ మీద విరుచుకుపడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను. మార్కులు వేసినాయన కింద కూర్చుని ఆ అంకెలు చదివాడా అని ఉస్తాద్ అడిగాడు. చదవలేదన్నాడు ఆయన. అయితే ఆ మార్కులు వేసినాయనకు కూడా మార్కులు తగ్గించాల్సిందేనని ఉస్తాద్ తీర్పు చెప్పి కుంచె కడుక్కోవడానికి లేచాడు.

పెళ్లి ఫోటోల్లో మచ్చ పడుతుందని నేను కూడా బతిమాలాను. పెళ్లయ్యాక మళ్లీ వచ్చి కిటికీ పెట్టించుకుంటానన్నాను. ఒప్పుకోలేదు. ఇంత పట్టుదల ఎందుకో, దీని వెనక ఏదో ఉండి ఉంటుందని నాకు అనిపించింది. ఎప్పుడైనా, ఆయన రంగు వేసిన బండికి ఏమైనా ప్రమాదం జరిగిందా అని అడిగాను. ఉస్తాద్ నన్ను కాసేపు వింతగా చూశాడు.

"అయితేనే సెయ్యాల్నా సార్?"

ఆ కిటికీలతోనే కారు ఇంటికి తెచ్చుకున్నాను.

ఆయన మొండివాడే కానీ, మొండితనాన్ని కూడా చమత్కారంగా నడిపించేవాడు. ఒకసారి ఏదో ప్రకటన షూటింగుకని గుండ్రటి ముక్కున్న పాత లారీ ఒకటి ఆ సందులోకి వచ్చి ఇరుక్కుంది. మధ్యాహ్నానికల్లా పట్టీలు పడాలని, ఐదు పూతలకు టైమ్ లేదని, ఒకటే మందంగా కొట్టేయమని మేనేజర్ తొందరపెట్టాడు. టైర్లు కొత్తవే కాబట్టి ఉస్తాద్‌కు అభ్యంతరం లేదు, కానీ పూతలు తగ్గించడానికి మాత్రం చెయ్యి రాలేదు. కెమెరా ఎటు పక్క ఉంటుందని అడిగాడు. ఎడమ పక్క అన్నారు. ఎడమ పక్క చక్రాలకు మాత్రమే ఐదేసి పూతలూ వేసి, కుడి పక్కవి ముట్టుకోకుండా పంపించేశాడు. ఆ లారీ అబిడ్స్ మీదుగా వెళ్తుంటే మా దుకాణం వైపు అంతా నల్లగా కనిపించింది. ఎదుటి ఫుట్‌పాత్ మీది పుస్తకాల ఆయన మాత్రం అంత తెల్లటి టైర్లు తన జన్మలో చూడలేదన్నాడు. చూపు పరీక్ష చేయించుకోమని నేను, దుకాణం మూసుకోమని ఆయన, కాసేపు బాగానే వాదించుకున్నాం.

ఇక నా ఘనకార్యం. పెళ్లి రోజు పొద్దున, బడి పిల్లలు తెల్ల కాన్వాసు బూట్లకు పూసుకునే పాలిష్ సీసా ఒకటి కొని, నాలుగు కిటికీలనూ మూసేశాను. ఫోటోల్లో పట్టీలు పాలలా వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు. నాలుగో రోజు లడ్డూల డబ్బా తీసుకుని, మెప్పు పొందుదామని అదే కారులో నాంపల్లి వెళ్లాను. కిటికీల సంగతి మర్చిపోయాను. ఉస్తాద్ లడ్డూ నోట్లో వేసుకుని, పిల్ల మంచిగుందా అని అడిగి, చక్రం దగ్గర కూర్చున్నాడు. బొటనవేలు పాలిష్ మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పెళ్లైపోయింది గద సార్. ఇగ తుడిచెయ్యుండ్రి" అన్నాడు.

ఇంటికి వెళ్లగానే తుడుస్తానని చెప్పాను. తుడవలేదు. తుడవకుండా ఆయన ముందుకు వెళ్లలేక ఆ సందులోకి కారు తీసుకెళ్లడం మానేశాను. నడుచుకుంటూ మాత్రం వెళ్లేవాణ్ని, ఇంకొకరి బండి మీద పని చేస్తుంటే చూసేవాణ్ని, సాసర్‌లో చాయ్ తాగేవాణ్ని. కారు ఎట్లుంది సార్ అని అడిగేవాడు. బాగుందనేవాణ్ని. అంతకు మించి ఆయన అడగలేదు. ఈమధ్య మోకాళ్లు మొరాయించి ఆ నడకా తప్పింది. ప్రతి దసరాకూ కారు కడిగి, పసుపు బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించే ముందు ఆ నాలుగు కిటికీల మీదా మళ్లీ పాలిష్ రాసేవాణ్ని. ఎనిమిది దసరాలు రాశాను. ఆయన తెలుపు మాత్రం ఎనిమిదేళ్లలో ఎక్కడా పసుపెక్కలేదు, చెక్కలేదు. అలాంటి పనిమంతుణ్ని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ నిక్షేపంలాంటి తెలుపు చూసే కదా, టైర్లు కొత్తవేనా అని ఖైరతాబాద్ ఆయన అడిగింది.

ఆదివారం పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. దుమ్ము తుడుద్దామనే వెళ్లాను, అంతకన్నా మంచి ఉద్దేశం నాకేమీ లేదు. ముందు చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు గుర్తొచ్చింది. ఏ సాల్‌వి సార్ టైర్లు. భర్త పోయిన మూడు నెలలకు, ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేస్తే, ఆ ఇల్లాలు అడిగింది ఆ మాట. మోకాళ్లు సహకరించకపోయినా కింద కూర్చున్నాను. గుడ్డ పెట్టి ఒకసారి తుడిచాను. నా తెలుపు మొత్తం గుడ్డకు వచ్చేసింది. చుట్టూ ఆయన తెలుపు అలాగే ఉంది. కిటికీలో నాలుగంకెలు, వాటి పక్కనే వెంట్రుక మందాన పగుళ్లు. అద్దాలు తీసేసి బొటనవేలితో తడిమాను. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. నాకు సిగ్గేసింది.

పదింటికి ఖైరతాబాద్ ఆయన వాళ్లమ్మతో వచ్చాడు. ఆమె నీలం అంచు చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. కారు చూడగానే ఎవరూ చెప్పకముందే వెనక తలుపు తీసుకుని లోపల కూర్చుంది. కిటికీ అద్దం దించుకుని, చెయ్యి బయట పెట్టుకుని, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కొడుకును చక్రం దగ్గరికి పిలిచి, కూర్చోమని చెప్పాను. అంకెలు చూపించి చదవమన్నాను. ఆయన పైకే చదివాడు. ఎలా లెక్కపెట్టాలో చెప్పాను. లెక్కపెట్టుకుని నా వైపు తిరిగాడు.

"మొన్న కొత్తయన్నరు గద సార్."

"అన్నాను. అబద్ధం చెప్పాను. ఈ నాలుగూ మార్చకుండా అమ్మగారిని గేటు దాటించకండి."

ఆయన మళ్లీ ఆ అంకెల వైపు తిరిగాడు. ఇంక కారు కొనడనే అనుకున్నాను. ఒక రకంగా తేలికపడ్డాను కూడా. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, వెనక తలుపు తీశాడు.

"అమ్మా, జర దిగు. టైర్లు మార్పించినంక పోదాం" అన్నాడు.

సోమవారం లక్డీకాపూల్ దగ్గర టైర్లు మార్పించాం. నాలుగూ తళతళలాడే నల్ల టైర్లు. నేనే ముందు కూర్చుని అంకెలు చదివాను, తర్వాత ఆయన చదివాడు. దుకాణం వాళ్లు మమ్మల్ని విచిత్రంగా చూశారు. కారు ఖైరతాబాద్ వెళ్లిపోయింది. పాత టైర్లు నాలుగూ ఆటోలో వేసుకుని నేను ఖాళీ షెడ్డుకు వచ్చాను. గోడకు ఆనించి వరసగా నిలబెట్టాను. ఉస్తాద్ చేతి పనిలో నా దగ్గర మిగిలింది అదే. ఒకటి దుకాణంలో గోడకు తగిలించుకుందామని, మిగతావి తర్వాత చూద్దామని అనుకుని, ఉస్తాద్ భార్యకు ఫోన్ చేశాను.

నేను పేరు చెప్పేలోపే గుర్తుపట్టింది. "సూసి చెప్తనంటిరి సార్. ఐదొద్దులాయె. ఇంకా చెప్పకపాయెనని ఫికర్ల వడ్డ" అంది.

ఎనిమిదేళ్లు దాటాయని చెప్పాను. తీసేయించారా అని అడిగింది. తీసేయించానన్నాను.

"కోసిన్రా?"

లేదని ఒప్పుకున్నాను. ఒకటి గోడకు పెట్టుకుంటానమ్మా, ఆయన గుర్తుగా ఉంటుంది అన్నాను.

"గోడకు మంచిగనే ఉంటది సార్" అంది. "మీ తర్వాత ఆ గోడ మీదికెళ్లి ఎవలు దించుకపోతరో?"

అచ్చం ఆయన అన్నట్టే అంది. నేను ఫోను జేబులో పెట్టుకుని, బకెట్‌లో సబ్బునీళ్లు కలుపుకుని, ఇంట్లోంచి కత్తి తెచ్చుకున్నాను. మొదటి టైరుకు కిటికీ దగ్గరే కత్తి పెట్టాను. నాలుగూ కోసేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. రబ్బరు తెగిన ప్రతి చోటా అంచు మీద వేలు పోనిచ్చి చూశాను. ఆయన తెలుపు ఎక్కడా పెచ్చు లేవలేదు.